ఉమ్మే కప్పు

ఎదురుగా ఉన్నప్పుడు సార్ అనేవారు, అటు తిరగగానే నాలుక అనేవారు. ప్యాకెట్లలో నింపి అమ్మే సూపులు, కూరలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో రుచి చూసే విభాగానికి అతనే పెద్ద. చెంచాడు నోట్లో పోసుకుని, సుర్రుమని గాలి పీల్చి, నోరంతా తిప్పి, కాగితం కప్పులో ఉమ్మేసి, “పారబొయ్యండి” అంటే చాలు, గంగాళాలకు గంగాళాలు తూములో కలిసిపోవలసిందే. మింగడం మాత్రం కూడదు. నాలుగు చెంచాలు మింగితే నాలుక మొద్దుబారుతుందని అక్కడి నియమం.

ఏళ్ల తరబడి ఆ పని చేసీ చేసీ అతనికి తిండంటేనే రోత పుట్టింది. క్యాంటీన్‌లో పక్కవాడు వేళ్లు చప్పరిస్తుంటే పళ్లెం వదిలేసి లేచిపోయేవాడు. లిఫ్టు ఎక్కితే ఎవడు పళ్లు తోముకోలేదో ఇట్టే తెలిసిపోయేది. ఆ మధ్య యాజమాన్యం ఉద్యోగుల ఎదుగుదల కోసమని ఒక ఉపన్యాసకుణ్ణి పిలిపించింది. కళ్లు మూసుకుని మీలోకి మీరు తొంగి చూసుకోండి అన్నాడాయన. అతను బుద్ధిగా కళ్లు మూసుకున్నాడు. తనలోపల ఏమీ కనిపించలేదు గానీ, ఆయన పిప్పరమెంటు కింద దాచుకొచ్చిన వెల్లుల్లి కంపు మాత్రం గుప్పున కొట్టింది. మనుషులంతా ఇంతే అనుకుని పనిలోకి వెళ్లిపోయాడు.

అతన్ని పెంచింది అక్క. తల్లి పోయేనాటికి అతనికి ఇంకా పాలపళ్లే. ఆ అక్కకు పెద్ద జబ్బు చేసి వైద్యం నెలల తరబడి సాగితే, ఇతను ఫోన్లు చేశాడే తప్ప గడప తొక్కలేదు. తనిఖీ ఉందనేవాడు, కొత్త సరుకు దిగిందనేవాడు. పని ఉన్న మాట నిజమే. కానీ ఆసుపత్రి వాసన తలచుకుంటేనే అతనికి డోకొచ్చేది, అదీ అసలు సంగతి. చివరికి అక్కే ఫోన్ చేసింది. లేచి తిరుగుతున్నానని, మళ్లీ వంట మొదలుపెట్టానని, ఈ ఆదివారం భోజనానికి రాకపోతే ఇక జన్మలో పిలవనని చెప్పింది. ఆవిడ అన్నదంటే అన్నదే. అతనికి లోకంలో ఉన్నది ఆ ఒక్క అక్కే.

ఆదివారం పొద్దున్నే ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. పాత నూనె కలిసిందేమోనని అనుమానమట. కలిసింది. ముక్కిపోయిన ఆ జిడ్డును మధ్యాహ్నం దాకా పుక్కిలించి పుక్కిలించి ఉమ్మి, అట్నుంచి అటే అక్క ఇంటికి వెళ్లాడు.

తలకు గుడ్డ కట్టుకుని, సగానికి సగమైపోయిన అక్క, గరిటె పట్టుకుని బల్ల దగ్గరే నిలబడింది. బావ, మేనకోడలు అప్పటికే తలలు వంచుకుని తింటున్నారు. బావ చెంచా చెంచాకీ గుక్కెడు నీళ్లు తాగుతున్నాడు. ఇతని గిన్నెలో అక్క వేడివేడిగా కూరగాయల సూప్ పోసి, మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

చెంచా నోట్లోకి వెళ్లింది. సుర్రుమని గాలి పీల్చాడు. నోరంతా తిప్పాడు. చేతికందిన గ్లాసు తీసుకుని అందులో ఉమ్మేశాడు.

“ఉప్పు రెండుసార్లు పడింది. పారబొయ్యండి” అన్నాడు.

అది మేనకోడలి మంచినీళ్ల గ్లాసు. క్యారెట్ తునకలు, చొంగ కలిసి నీళ్లలో తీగలు సాగుతున్నాయి. ఆ పిల్ల గ్లాసు వంక ఒకసారి, మామయ్య వంక ఒకసారి చూసి, తన చెంచా కింద పెట్టేసింది. అలవాటులో జరిగిపోయిందని ఇతను ఏదో గొణిగాడు.

“మందులతో నా నోరు చచ్చిపోయింది రా. ఉప్పు వేశానో లేదో నాకే తెలియట్లేదు” అంది అక్క. “మీ బావ రోజూ బ్రహ్మాండం అంటారు. అబద్ధమని నాకు తెలుసు. నువ్వైతే నిజం చెప్తావనే పిలిచాను. చెప్పావు, సంతోషం. కానీ ఆ గ్లాసేం చేసింది రా?”

ఆ గ్లాసు తీసుకుని సింకు దగ్గరికి వెళ్లి, ఆవిడే కడగడం మొదలుపెట్టింది. అతను లేవబోయేసరికి కూర్చోమని సైగ చేసింది. చిన్నప్పుడు జ్వరంలో అతను వాంతి చేసుకుంటే దోసిలి పట్టిన చేతులవి. ఇప్పుడు వేలు లోపలికి పెట్టి అతని ఎంగిలిని తోముతున్నాయి. మొహంలో చిరాకన్నది లేదు. ఇన్నేళ్లు లోకంలో ప్రతిదాన్నీ చూసి ముక్కు మూసుకున్న మనిషికి, మొదటిసారి తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ రోతను ఉమ్మెయ్యడానికి కప్పు లేదు.

గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. చెంచాడు నోట్లో పోసుకున్నాడు. గొంతు ఎదురు తిరిగింది. కళ్లమ్మట నీళ్లొచ్చాయి. మింగాడు. మరో చెంచా మింగాడు. బావ జాలిపడి నీళ్ల గ్లాసు జరిపినా ముట్టుకోలేదు. అక్క చేతులు తుడుచుకుంటూ తిరిగి వచ్చేసరికి గిన్నె ఖాళీ అయింది.

“ఎలా ఉంది రా? ఈసారి నన్ను చూసి చెప్పు” అంది.

“ఉప్పు బాగా ఎక్కువైందక్కా” అన్నాడు గిన్నె ముందుకు జరుపుతూ. “ఇంకో గరిటె వెయ్యి.”