గోడతో మాట్లాడే పిల్ల

చిలకమ్మ పెరట్లో కూర్చుని బొగ్గు పగలగొడుతుంటే వంటింట్లోంచి ఎవరో ఆడమనిషి మాట్లాడుతున్నట్టు వినిపించింది. అత్త జోగమ్మ పక్కింటికి వెళ్లింది. మొగుడు ధర్మరాజు టాటానగర్ లోకోషెడ్‌లో డ్యూటీలో ఉన్నాడు. బర్మామైన్స్ బస్తీలోని ఆ ఇంట్లో ఉన్నది ఏడేళ్ల కూతురు వరహాలు ఒక్కతే.

వెళ్లి చూసింది. పిల్ల గోడకి నుదురు ఆనించి నిలబడి ఉంది. ముంజేతి మీద పంటిగాట్లు. పెదవులు కదులుతున్నాయి గాని ఆ గొంతు పిల్లది కాదు.

"ఊరుకో. ఏడవకు. నేను సచ్చిపోయి సానా దినాలైంది, ఎవులూ సూడనేదు."

చిలకమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ గొంతు తనదే. ఆ మాట మాత్రం తను ఎన్నడూ పైకి అనలేదు. "ఇంట్లో కూకుని ఏటి సేత్తన్నావు?" అని మొగుడు అడిగిన రోజున, "దీనికి బుర్రా నేదు, చేతులూ నేవు" అని అత్త నలుగురిలో నవ్విన రోజున, తనూ నవ్వేసి, గిన్నెలు తోముతూ లోలోపల అనుకున్న మాట అది.

నెలరోజులుగా పిల్ల గోడతో గొణుక్కుంటూ చేతులు కొరుక్కుంటోంది; మాటలు తెలిసేలా వినిపించింది మాత్రం ఇప్పుడే. బడిలో పక్కపిల్లని కూడా కరిచింది. "దెయ్యం పట్టీసినాది. ఆదివారం గమ్హరియా నుంచి మంత్రగాడ్ని రప్పిత్తాను. పసుపుకొమ్ము కాల్చి వాత పెడితే ఒగ్గేత్తది" అంది జోగమ్మ. ధర్మరాజు తలూపాడు. చిలకమ్మ కూడా అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు పిల్ల పక్కనే నేలమీద కూర్చుంది. ముట్టుకోలేదు.

"ఎవులమ్మా మాటాడతన్నాది?"

"వో ఔరత్" అంది పిల్ల గోడవైపే చూస్తూ. "ఆ ఆడమనిషి. నువ్వు నవ్వినప్పుడు వత్తది."

"వచ్చి ఎక్కడుంటాది?"

వరహాలు గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "ఇక్కడ. వేడిగా. బైటికి రాకుండా సెయ్యి కొరుక్కుంటాను. నువ్వు నిజంగా సచ్చిపోనావేమోనని భయం."

చిలకమ్మ పంటిగాట్లున్న ఆ చేతిని ఒళ్లోకి తీసుకుంది.

"అది దెయ్యం కాదు వరహాలూ. దాని పేరు కోపం. నాదే. నేను మింగీసినాను, నీకు అంటుకుంది. ఈసారి వచ్చినప్పుడు కొరుక్కోకు. 'అమ్మా, కోపం వచ్చినాది' అని నాతో సెప్పు."

"సెప్తే కొట్టరా?"

చిలకమ్మ లేచి కొబ్బరినూనె తెచ్చి ఆ గాట్ల మీద రాసింది.

ఆదివారం పొద్దున్నే మంత్రగాడు వచ్చాడు. నిప్పుల్లో పసుపుకొమ్ము పొగ చిమ్ముతోంది. వరహాలు గోడకి నుదురు ఆనించింది. ఆ గొంతు మొదలైంది. ఊరుకో. ఏడవకు. మంత్రగాడి చెయ్యి కూడా ఆగింది. ధర్మరాజు ఆ గొంతు ఎవరిదో మొదటిసారి పోల్చుకుని పెళ్లాం వైపు తిరిగాడు.

చిలకమ్మ లేచి వెళ్లి పిల్లకి అడ్డంగా నిలబడింది.

"దీనికి దెయ్యం నేదత్తా. నాకు కోపం వచ్చినాది. పదేళ్లుగా వత్తన్నాది. నా పిల్లని ముట్టుకుంటే ఊరుకోను. ఆ మంత్రగాడ్ని పంపించీయండి."

"ఎవులి ముందు మాటాడతన్నావే?" అన్నాడు ధర్మరాజు. కాని కూర్చున్నచోటి నుంచి లేవలేదు.

వెనక ఆ గొంతు ఆగిపోయింది. కాసేపటికి సన్నగా, అచ్చం ఏడేళ్ల పిల్ల గొంతుతో వినిపించింది.

"అమ్మా, నాక్కూడా."