పాలపీకకు పెట్టిన కాజా

టైలరు మాస్టర్ చేతికి తిరుగులేదని వీధి వీధంతా ఒప్పుకుంటుంది. ఒప్పుకోనివాళ్ళ చేత ఆయనే ఒప్పిస్తాడు. ఎంత వంకర భుజం మీదైనా చొక్కాను తిన్నగా కూర్చోబెట్టిన ఆ చేతులు, మూడు నెలల కూతురి చేత గుక్కెడు పాలు తాగించలేక పొద్దుటినుంచీ ఓడిపోతూనే ఉన్నాయి.

ఆయన భార్యకు ముందురోజు రాత్రి కడుపు ఆపరేషన్ అయింది. ఆమెకిస్తున్న మందుల వల్ల మూడు రోజులు తల్లిపాలు ఇవ్వొద్దని, డబ్బాపాలు పట్టమని డాక్టర్లు చెప్పారు. పిల్ల అంతవరకు సీసా మొహం ఎరగదు. పీక పెదవికి తగిలితే చాలు, తల తిప్పేసుకుని ఏడుపు. మధ్యాహ్నానికి ఆ ఏడుపు కూడా సన్నబడింది. పొద్దున మార్చిన గుడ్డ ఇంకా పొడిగానే ఉంది. మాస్టర్ మాటిమాటికీ దాన్ని తడిమి చూస్తున్నాడు.

ఆస్పత్రి నుంచి భార్య ఫోన్ చేసింది.

"తాగిందా అండీ?"

"రెండు గుక్కలు."

"నిజం చెప్పండి."

"పెదాలు తడిశాయి."

"సాయంత్రం లోపల తాగకపోతే ఈ గొట్టాలన్నీ పీకేసుకుని వచ్చేస్తాను" అంది.

అన్నంత పనీ చేసే మనిషి. వస్తే కుట్లు ఊడతాయి. వచ్చినా పాలివ్వకూడదు. అది ఆమెకూ తెలుసు, అయినా అక్కడ పడుకుని ఇంకేం చేయగలదు?

మాస్టర్ సీసా తలకిందులు చేసి చూశాడు. పాలు చుక్క తర్వాత చుక్క, పోనా వద్దా అన్నట్టు పడుతున్నాయి. ఆయన బుర్రలో దీపం వెలిగింది. బొత్తం పట్టకపోతే బొత్తాన్ని తిట్టకూడదు, కాజా పెద్దది చెయ్యాలి. ఇరవై ఏళ్ళుగా ఆయన ఎరిగిన వేదం అది. ఇంకేం, లావుపాటి సూదిని పొయ్యి మీద ఎర్రగా కాల్చి పీక కొసన ఒక పోటు పొడిచాడు. ఎందుకైనా మంచిదని పక్కన ఇంకొకటి. పాలు ధారగా వచ్చాయి. తప్పు పిల్లది కాదు, పీకదేనని తేలినందుకు ఆయనకు సంతోషం కూడా వేసింది.

పిల్లను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, ఏడవడానికి నోరు తెరవగానే పీక అందించాడు. ఒక గుక్క మింగింది. రెండో గుక్క మింగేలోపే నోరంతా నిండిపోయింది. పాలు ముక్కులోంచి వచ్చాయి. ఏడుపు ఆగిపోయింది. మొహం నల్లబడింది.

మాస్టర్ పిల్లను రెండు చేతులా ఎత్తుకున్నాడు. గుమ్మంలోకి పరుగెత్తి అరిచాడు. ఏమని అరిచాడో ఆయనకే తెలియదు. పై వాటాలో ఉండే రిటైర్డ్ నర్సమ్మ మెట్లు దిగివచ్చి, పిల్లను లాక్కుని, ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి వంచి వీపు మీద తట్టింది. నాలుగోసారికి పాలు బయటికి వచ్చాయి. ఐదోసారికి ఏడుపు వచ్చింది.

ఇద్దరూ పిల్లను వీధి చివరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరు పిల్ల ఛాతీకి గొట్టం ఆనించి చాలాసేపు విని, ఊపిరి శుభ్రంగానే ఉందన్నాడు. ఆయాసం గానీ జ్వరం గానీ కనిపిస్తే వెంటనే తీసుకురమ్మన్నాడు. ఇంటికొచ్చాక నర్సమ్మ పీకను వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది.

"ఇదేం పని నాయనా?"

"పాలు రావడం లేదని, కాస్త పెద్దది చేశానమ్మా."

"పీక చేసినవాళ్ళు రంధ్రం చిన్నగా పెట్టింది పిసినారితనంతో కాదు. గుక్కకీ గుక్కకీ మధ్య పిల్లకి ఊపిరి కావాలి."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"తలా మెడా పట్టుకుని కాస్త నిటారుగా కూర్చోబెట్టు. సీసాని దాదాపు అడ్డంగా పట్టుకో. పీక పెదవికి ఆనించి ఊరుకో. అదే నోరు తెరుస్తుంది, అదే లాగుతుంది, అదే ఆపుతుంది. ఆపితే సీసా దించు. నువ్వు చేసేదేం లేదు."

ఆ చివరి మాటే ఆయనకు అన్నిటికంటే కష్టంగా తోచింది. నర్సమ్మ కొత్త పీక మరిగించి, పాలు కొత్తగా కలిపించి, మణికట్టు మీద చుక్క వేసి వేడి చూపించి, పైకి వెళ్ళింది.

మాస్టర్ కూర్చున్నాడు. పిల్ల సీసాను చూసింది, ఆయన్ను చూసింది. ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. "నేనే అమ్మడూ. ఇందాక నిన్ను అంత ఏడిపించింది కూడా నేనే" అన్నాడు మెల్లగా. పీక పెదవికి ఆనించి పట్టుకున్న చెయ్యి తిమ్మిరెక్కింది. పిల్ల నోరు తెరిచింది. ఒకసారి లాగి ఆపింది. ఆయన సీసా దించాడు. మళ్ళీ తనే వెతుక్కుంది.

సాయంత్రమవుతుండగా కుట్టుమిషను మీద ఫోన్ మోగింది. అలవాటుగా అటు కదిలాడు. అంతే, పీక జారిపోయింది, పిల్ల తల తిప్పేసుకుంది. ఫోన్ మోగి మోగి ఆగింది. బతిమాలగా బతిమాలగా పిల్ల మళ్ళీ అందుకుంది.

ఫోన్ రెండోసారి మోగింది. ఈసారి ఆయన కదల్లేదు. ఆస్పత్రిలో భార్య ఏమనుకుంటోందో ఆయనకు తెలుసు. మూడోసారి మోగినప్పుడు, "తాగుతోందే, కాస్త ఆగవే" అని ఫోన్ వైపు చూస్తూ గొణిగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

నాలుగోసారి మోగలేదు. మోగినంతసేపూ లేని భయం ఇప్పుడు పట్టుకుంది. ఆమె గొట్టాలు పీకేసుకుని మంచం దిగిందేమో, గుమ్మం దాటిందేమో. సీసాలో ఇంకా సగం పాలున్నాయి. పిల్ల ఆయన కళ్ళలోకి చూస్తూ నింపాదిగా తాగుతోంది.