టీచరమ్మ మాట మీద

డెబ్భైలో పంచాయతీ ఎన్నికలు వచ్చేనాటికి నేను వేమూరు దగ్గర ఒక పల్లెలో టీచర్ని. మా ఆయన మార్కు తెనాలిలో గుమాస్తా. ఆదివారం వచ్చి సోమవారం పోయేవాడు.

ప్రెసిడెంటుగా నిలబడ్డ బసవేశ్వరరావుగారు ఒకరోజు బడికొచ్చారు. "సుందరమ్మగారూ, కాలవ కట్ట మీద గుడిసెలవాళ్ళు మీ మాట వింటారు. ఒక్కసారి చెప్పండి. మీ తెనాలి బదిలీ నేను చూసుకుంటా" అన్నారు.

టీచర్లు ఓట్లు అడగకూడదని తెలుసు. అయినా వెళ్ళాను. కట్ట మీదవాళ్ళంతా మా చర్చివాళ్ళే. రిబ్కా చాప వేసింది. ఆమె భర్త యోబు కూలి మనిషి, అప్పటికే దగ్గుతో వంగిపోయాడు.

"ఈయన గెలిస్తే ఇళ్ళ స్థలాలిస్తారు. ఊరికి ఆస్పత్రి వస్తుంది" అని ఇరవై గుడిసెల్లోనూ చెప్పాను.

ఆయన గెలిచారు. మూడు నెలలకి నా బదిలీ వచ్చింది. స్థలాలు రాలేదు. మరుసటేడు కట్ట బాగుచేస్తామని గుడిసెలు పీకించారట. విని, ఊరుకున్నాను.

ఆ నెల్లోనే బాపట్ల వెళ్దామని తెనాలి స్టేషనుకి పోతే, ప్లాట్‌ఫారం చివర రిబ్కా కనబడింది. పక్కన గోనెపట్టా మీద యోబు.

"ఇదేంటి రిబ్కా, ఇక్కడ?"

"రెండు ఆస్పత్రులు తిరిగామమ్మా. మంచాలు లేవన్నారు. వెనక్కి పోదామంటే ఇల్లేది?" అని, నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. "మీరు మార్కు అయ్యగారి దగ్గరికి వచ్చేశారంటగా. సంతోషమమ్మా."

ఆ మాట తట్టుకోలేకపోయాను. "నేను ఓట్లడిగింది మీ కోసం కాదు రిబ్కా. ఈ బదిలీ కోసం."

ఆమె యోబు మొహం మీద ఈగలు తోలింది.

"అప్పుడే అనుకున్నామమ్మా. కట్ట మీద పిల్లలందరికీ అక్షరాలు నేర్పారు మీరు. గుమ్మంలోకొచ్చి అడిగితే కాదంటామా?"

రిక్షాలో ఇద్దర్నీ ఇంటికి తెచ్చాను. మార్కు ఏమీ అడక్కుండా తన మంచం యోబుకి వరండాలో వేశాడు. యోబు పదకొండు రోజులు బతికాడు.

తర్వాత రిబ్కాని తీసుకుని బసవేశ్వరరావుగారింటికి వెళ్ళాను. "స్థలాలెప్పుడిస్తారండీ?" అని పదిమందిలో అడిగాను.

"పైనుంచి రావాలమ్మా. అయినా మీ పని అయిందిగా?" అన్నారాయన. అరుగు మీదవాళ్ళు నవ్వారు.

రిబ్కా నా చెయ్యి పట్టుకుంది. "పదండమ్మా, అర్జీ మనమే పెట్టుకుందాం."

తాసీల్దారుకి నాలుగు అర్జీలు రాశాను. డెబ్భై నాలుగులో పద్నాలుగు కుటుంబాలకి స్థలాలొచ్చాయి. పిల్లాజెల్లా లేని ఒంటి మనిషికి ఇవ్వడం కుదరదని రిబ్కా పేరు కొట్టేశారు.

ఆమె మా ఇంట్లోనే ఉండిపోయింది. పనులు చెయ్యొద్దంటే వినదు. తెల్లారగానే వాకిట్లో చీపురు చప్పుడు వినిపిస్తుంది. లేచి వెళ్ళి ఆపడానికి మొహం చెల్లక, అలాగే పడుకుని ఉంటాను.