ఇద్దరు మొగుళ్ళ స్నేహం

“స్పీచ్ అయిందా?” అని మావారు వంటింటి గుమ్మంలోకి వచ్చి అడిగేసరికి నేను అడుగంటిన పాలగిన్నె తోముతున్నాను. “ఇస్త్రీ అయిందా?” అని అడిగేటప్పుడు ఉండే సులువే ఆ గొంతులో ఉంది. వ్యాపారుల సంఘం నెలనెలా పెట్టే పరిచయ సమావేశంలో ఈసారి ఆయన్ని మాట్లాడమన్నారు. విషయం, పరిచయాన్ని ఆత్మీయతగా మార్చుకోవడం ఎలా. మావారి ఆత్మీయతకు ఆ సంఘంలో మంచి పేరుంది. ఆ పేరును తోమి మెరిపించేది నేనే కాబట్టి స్పీచ్ కూడా నా సింకులోనే పడింది.

“గుండెకు తగలాలోయ్. మధ్యలో నవ్వించాలి, చివర్లో కళ్ళు చెమర్చాలి. నీకు తెలుసుగా!”

తెలుసు. నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

మావారు పళ్ళూ మందులూ చెడిపోకుండా దాచుకునే చల్లగదులు కట్టిస్తారు. గది పొడవూ వెడల్పూ కంటితో చూసి చెప్పేస్తారు. మనుషుల ముఖాలే గుర్తుండవు. ఎదురుగా నిలబడి చెయ్యి ఊపుతున్నది మా పెళ్ళికి సాక్షి సంతకం పెట్టిన మిత్రుడని కూడా నేనే చెప్పాలి. నన్ను మొదటిసారి సమావేశానికి తీసుకెళ్ళినప్పుడు, “నువ్వేం మాట్లాడక్కర్లేదు, ఊరికే నా పక్కన నిలబడు చాలు” అన్నారు. ఊరికే నిలబడడంలో ఎంత పనుందో అప్పటికి నాకూ తెలియదు. నా మోచేతి దగ్గర రెండు వేళ్ళతో నొక్కితే ‘ఎవరితను?’ అని. గట్టిగా నొక్కితే ‘తొందరగా!’ అని. నేను నవ్వు చెదరకుండా, పెదాలు కదిలీ కదలకుండా, “లారీల ఆయన, వాళ్ళమ్మ కంటికి ఆపరేషన్” అంటాను. మావారు రెండు చేతులూ చాపి, “అమ్మగారి కన్నెలా ఉందండీ!” అంటారు. లారీల ఆయన కరిగి నీరైపోతాడు.

“మావాడికి చిన్నప్పట్నుంచీ అంతేనే, అందరి మంచీచెడ్డా వాడికే కావాలి” అని అత్తయ్యగారు ఫోన్లో వాళ్ళ చెల్లెలితో అంటున్నప్పుడు నేను ఆవిడ కళ్ళలో చుక్కలు వేస్తూ ఉంటాను. ఏ కంట్లో ఏ చుక్కలో ఆవిడ అబ్బాయికి తెలియదు. చుక్కలు వేయాలన్న సంగతే తెలియదు. నేను డిగ్రీలో అర్థశాస్త్రం చదివాను. జీతం లేని శ్రమ గురించి అందులో ఒక పేజీ ఉండేది. పరీక్షలో రాదని మా లెక్చరర్ వదిలేశారు.

సమావేశమైన మర్నాటి నుంచి ఇంకో పని మొదలవుతుంది. మావారికి రెండు ఫోన్లు. మాట్లాడేది ఆయన జేబులో ఉంటుంది, మెసేజీలది ఇంట్లో, ఉప్పు డబ్బా పక్కన. ఆయన పేరుతో, ఆయన గొంతుతో, కలిసినవాళ్ళందరికీ నేను రాస్తాను. “ఎవరికేం రాయాలో నీకే బాగా తెలుసోయ్” అన్నారు. అది మెచ్చుకోలని చాలాకాలం అనుకున్నాను.

గోదాముల ఆయనకు కూడా అలాగే రాశాను. ఊరి చివర వరసగా రేకుల గోదాములున్నాయి ఆయనకు. భారీ మనిషి. మాటలు తక్కువ. పావురాలతో చస్తున్నామని సమావేశంలో ఎవరితోనో అంటుంటే విన్నాను. మర్నాడు మావారి పేరుతో, “పావురాల బెడద తగ్గిందా?” అని అడిగాను. మధ్యాహ్నం వంటిల్లు సద్దుమణిగాక జవాబు వచ్చింది. “తగ్గలేదు. ఒకటి తూకం యంత్రం మీదే గూడు పెట్టింది. దాన్ని లేపితే గాని సరుకు తూచలేం. లేపబుద్ధి కావడం లేదు.”

“గుడ్ల బరువు కూడా కలిపేసి బిల్లు వేయండి” అని రాశాను.

“అడిగాను. పావురం ఒప్పుకోవడం లేదు.”

వంటింట్లో ఒక్కదాన్నే పైకి నవ్వాను. పక్కగదిలోంచి అత్తయ్యగారు, “ఎవరొచ్చారూ?” అన్నారు. “ఎవరూ రాలేదండీ” అన్నాను.

అప్పట్నుంచీ ప్రతి మధ్యాహ్నం. వాన పడితే రేకుల కింద మన ఆలోచన మనకే వినపడదని ఒకసారి రాశారు. చనిపోయిన వాళ్ళ నాన్న చెప్పులు పారేయలేక గోదాములో ఓ మూల దాచారని ఇంకోసారి. నేను మా అమ్మ చేతి రాత గురించి రాశాను, మావారి పేరు మీదే. “మా ఇంట్లో నేనూ సరుకులాగే ఉన్నాను. ఉన్న చోటు అందరికీ తెలుసు, లోపలేముందో ఎవరూ విప్పి చూడరు” అని ఒకరోజు వచ్చింది. గోదాముల మనిషి హాస్యం ఇలాగే ఉంటుంది కాబోలనుకుని, “ఇక్కడా అంతే. చల్లగదిలో పెట్టారు, చెడిపోకుండా ఉన్నాను” అని జవాబిచ్చాను. పంపాక చాలాసేపు చేతులు తుడుచుకుంటూనే ఉండిపోయాను.

ఇది ప్రేమేమోనని భయపడ్డాను కూడా. పరాయి మగాడి మెసేజీ కోసం అంట్లు గబగబా తోమేసే ఇల్లాలిని ఏమంటారో నాకు తెలుసు. కానీ ఆ మాటలన్నీ మొగుడి పేరుతోనే ఆడుతుంటే దాన్ని ఏ రకం తప్పంటారో పెద్దలెవరూ చెప్పినట్టు లేదు. సమావేశాల్లో ఆయన ముఖంలోకి దొంగచూపులు చూసేదాన్ని. షట్టరు దించేసిన గోదాములా ఉండేది ఆ ముఖం. మావారితో రేట్లు తప్ప ఇంకో మాట లేదు. నలుగురిలో బిడియం కాబోలు పాపం, అనుకునేదాన్ని. పక్కనే వాళ్ళావిడ, బక్కపల్చగా, చేతిలో నీళ్ళ గ్లాసుతో. ఆ గ్లాసు తాగడం నేనెప్పుడూ చూడలేదు. భార్యలం కాబట్టి ఇద్దరం గోడ వారగా నిలబడి కర్తవ్యం నెరవేర్చేవాళ్ళం.

“ఎండలు ముదిరాయి కదండీ.”

“అవునండీ, ఒకటే ఉక్క.”

ఆ ఉక్క గురించి వానాకాలంలో కూడా మాట్లాడుకున్నాం.

ఒక మధ్యాహ్నం, “ఈసారి కలిసినప్పుడు ఒక మాట నేరుగా చెప్పాలి. నవ్వకూడదు” అని వచ్చింది. ఆ సమావేశంలో నేను ఆయన మీంచి చూపు తిప్పలేదు. ఇప్పుడు చెబుతాడు, మావారితో చెబుతాడు, మావారికి ఒక్క ముక్కా అర్థం కాదు, నేను వింటాను. ఆయన చల్లగది తలుపు ఎంతవుతుందని అడిగాడు. అప్పుడే వాళ్ళావిడ నా మణికట్టు మీద చెయ్యి వేసింది. చెయ్యి చల్లగా, తడిగా ఉంది, గ్లాసు పట్టుకున్న చెయ్యి కదా. “మీతో ఒక...” అని మొదలుపెట్టింది. మోచేతి దగ్గర మావారి వేళ్ళు. గట్టిగా. ఎవరో పెద్ద హోటల్ యజమాని చేతులు చాచి వస్తున్నాడు.

“ఒక్క నిమిషమండీ” అని నేను అటు తిరిగాను.

మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆవిడ, భర్త ఫైళ్ళ సంచి మోసుకుంటూ, గుమ్మం దాటుతోంది. ఒకసారి వెనక్కి చూసింది. నేను చెయ్యి ఊపాను. ఎండల గురించే అయి ఉంటుందనుకున్నాను.

ఆ తర్వాత మెసేజీలు ఆగిపోయాయి. “పావురం ఏమంటోంది?” అని రాశాను. జవాబు లేదు. తర్వాతి సమావేశానికి ఆయన ఒక్కడే వచ్చాడు. లారీల ఆయన నా పక్కగా వెళుతూ, “పాపం, వాళ్ళావిడ పోయిందమ్మా. మధ్యాహ్నం వంటింట్లో పడిపోయిందట, గుండె” అన్నాడు. నేను మావారికి చెప్పాను. మావారు వెంటనే వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. అది బాగానే చేస్తారు. ఆ తర్వాత మాటలు అయిపోయి, ఇంకెవరి వైపో తిరిగారు. నేనే అందుకుని, “పావురం పిల్లల్ని చేసిందాండీ?” అన్నాను.

“పావురమా?” అన్నాడాయన.

“అదే, తూకం యంత్రం మీద గూడు...”

“ఏమోనమ్మా. ఫోన్ వ్యవహారాలన్నీ తనే చూసుకునేది. నాకా రాతకోతలు రావు.” జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. “ఇప్పుడు కనపడ్డవాళ్ళంతా నన్ను ఏవేవో అడుగుతున్నారు. నా మాటలు తలుచుకుంటే ధైర్యం వస్తుందన్నాడు ఒకాయన. నేనేం అన్నానో నాకు తెలీదు.”

హాలంతా మామూలుగానే నవ్వుతోంది, చేతులు కలుపుతోంది. నేను గోడ వైపు చూశాను. ఇన్నాళ్ళూ ఆవిడ పక్కనే నిలబడి, ఆవిడ కోసం ఆయన ముఖంలో వెతికాను. ఇటు రాసేది నేనేనని ఆవిడకు మాత్రం తెలిసిపోయి ఉంటుంది. పక్కన నిలబడ్డవాళ్ళకు నా పెదాలు కదలడం కనపడుతుంది. చూసింది, ఇంటికెళ్ళి ఆలోచించుకుంది, చెప్పడానికి వచ్చింది. నేను హోటల్ యజమాని వైపు తిరిగాను.

అప్పట్నుంచీ మధ్యాహ్నాలు నాకు పడడం లేదు. ఉప్పు డబ్బా పక్కన ఫోను చూస్తే గోదాముల ఆయన పేరు కింద ఒక్కోసారి ‘ఆన్‌లైన్’ అని వెలుగుతుంది. ఆయనే ఫోను నేర్చుకుంటున్నాడని తెలుసు. తెలిసీ చేతులు తుడుచుకుంటాను. ఒకరోజు ఏదో టైప్ చేస్తున్నట్టు చాలాసేపు కనపడి ఆగిపోయింది. సింకు మీది కిటికీ అద్దంలో నా వెనక ఎవరో గ్లాసు పట్టుకుని నిలబడినట్టుంటుంది. తిరిగి చూస్తే ఫ్రిజ్. ఫ్రిజ్ అని తెలిశాక కూడా, “చెప్పండి, ఇప్పుడు తీరికే” అంటాను. అత్తయ్యగారు, “ఎవరొచ్చారూ?” అంటారు. ఎవరూ రాలేదనడానికి నోరు రాదు.

మావారికి ఆ సమావేశం రోజే కారులో చెప్పాను. ఆయన స్టీరింగు మీద చరిచి నవ్వారు. “అంటే మీ ఆడాళ్ళిద్దరూ కలిసి మా ఇద్దరి స్నేహం నడిపారన్నమాట! భలే!” తర్వాత సిగ్నల్ దగ్గర ఆగి, కాస్త నెమ్మదిగా, “నువ్వు రాసేదానివని మాత్రం ఆయనతో అనకు. చల్లగదుల ఆర్డరు మనకే ఇచ్చేట్టున్నాడు. పాపం, నమ్మకం ఎందుకు పాడుచేయడం?” అన్నారు.

ఇప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి, “పావురం ముక్క పెట్టు. ఆయన ముందు వరసలోనే కూర్చుంటాడు. దెబ్బకు పడిపోతాడు” అన్నారు.

“అది నాది” అన్నాను.

“ఏది?”

“పావురం.”

“నీదేంటి, నాదేంటోయ్, అంతా ఒకటేగా!”

“ఒకటే. మీది” అన్నాను, గిన్నెతో.

స్పీచ్ రాసిచ్చాను. నవ్వు ఉంది, చెమ్మ ఉంది, పావురం లేదు. చదువుకుని, “బ్రహ్మాండం” అన్నారు. నేను అత్తయ్యగారికి చుక్కలు వేసి వచ్చేసరికి ఆయన ఉప్పు డబ్బా పక్కన నిలబడి, ఎన్నడూ లేనిది ఆ ఫోను చూస్తున్నారు. వేలితో పైకీ కిందకీ జరుపుతున్నారు. అమ్మ చేతి రాత గురించి రాసింది కూడా ఆయన వేలి కిందే జరిగిపోయింది. ఆయన అక్కడ ఆగలేదు.

హాలు నిండింది. మావారు వేదిక మీద బాగుంటారు. నేను రాసిందంతా చెప్పారు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “ఇది మాత్రం నా గుండెలోంచి” అన్నారు. పావురం వచ్చింది. దాన్ని తూకం యంత్రం మీంచి తీసి దూలం మీద కూర్చోబెట్టారు. జనం నవ్వారు. “నా మిత్రుడి చమత్కారం వినండి. ఏమన్నాడో తెలుసా? మా ఇంట్లో నేనూ సరుకులాగే ఉన్నాను, ఉన్న చోటు అందరికీ తెలుసు, లోపలేముందో ఎవరూ విప్పి చూడరు అన్నాడు!” హాలు గొల్లుమంది. మగవాళ్ళు ఒకరి భుజం ఒకరు చరుచుకున్నారు. గోడ వారగా నిలబడిన భార్యలు కూడా నవ్వారు. ముందు వరసలో ఒక్క తల మాత్రం కదల్లేదు.

చప్పట్లు అయిపోయాక ఆయన మా దగ్గరకు వచ్చాడు. షట్టరు సగం తెరిచినట్టుంది ముఖం.

“మీకు చెప్పాలి. అవన్నీ నేను రాసినవి కావు. మా ఆవిడ రాసేది” అన్నాడు మావారితో. “ఆ సరుకు మాట... తను సరదాకే రాసిందంటారా?”

మావారు నవ్వు సర్దుకున్నారు.

“అందరికంటే మీకే ఎక్కువ రాసింది. నేను వినలేదు ఆ మాటలు, ఒకే ఇంట్లో ఉండి. మీరు చెప్పండి. తనెలా ఉండేది?”

మోచేతి దగ్గర వేళ్ళు పడ్డాయి. నొక్కాయి. ఎముకకు తగిలేలా నొక్కాయి. నా దగ్గర జవాబుంది. ఒక్క వాక్యం అందిస్తే చాలు, మావారు దాన్ని చేతులు చాపి చెబుతారు, ఈయన కరిగిపోతాడు, రేపు సంతకం. ఆవిడ మాటలు శాశ్వతంగా ఇద్దరు మగవాళ్ళ చమత్కారాలై మిగిలిపోతాయి. నావి కూడా.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“ఆయనకు తెలియదండీ. ఇటువైపు నుంచి రాసింది నేను” అన్నాను.

“అబ్బే, ఏదో అప్పుడప్పుడూ సాయంగా...” మావారు అందుకోబోయారు.

“అన్నీ నేనే. సరదాకి రాయలేదు ఆవిడ. నేనే సరదా అనుకున్నాను.”

గోదాముల ఆయన మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. “అన్నీ చెబుతారా అమ్మా?”

“చెబుతాను. మీరు వినలేనివి కూడా ఉన్నాయి.”

“చెప్పండి” అన్నాడు.

ముందు వరస ఖాళీ అయింది. నేను నడిచాను, ఆయన వెంట వచ్చాడు. ఆ హాల్లో నేను కూర్చోవడం అదే మొదటిసారి. వెనక మావారు నన్ను పిలుస్తున్నారు. ఎవరో ఆయన వైపు గబగబా వస్తున్నారు, పెద్దగా నవ్వుతూ. ఎవరో నాకు తెలుసు. వాళ్ళ ఇంట్లో ఎవరికేం జబ్బో కూడా తెలుసు. తిరిగి చూడలేదు.

పక్క కుర్చీలో ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిలో మొదటిరోజు పిల్లాడిలా కూర్చున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలా అని చూశాను. పావురం దగ్గరా, వాన దగ్గరా, నాన్నగారి చెప్పుల దగ్గరా? అన్నీ నోటిదాకా వచ్చాయి. ఆవిడని పిలిచి మొదలుపెడదామంటే ఆ మాటే లేదు నా దగ్గర. ఫోన్లో ఉన్నది ఈయన పేరు.

“ముందు మీరు నాకొకటి చెప్పాలి.”

“ఏంటమ్మా?”

“ఆవిడ పేరేంటండీ?”