వొబ్బె ఇంటి పేలు

హాలండులో జర్మన్ల రాజ్యం నడుస్తున్న రోజులు. యూదుల పిల్లవాడు దొరికితే వాడినీ, దాచినవాళ్ళనీ కూడా పట్టుకుపోయేవారు. అది తెలిసే రైతు వొబ్బె, అతని భార్య ఆఫ్కె నాలుగేళ్ళ యూదుల పిల్లవాడు సల్లిని ఇంట్లో పెట్టుకున్నారు.

"మా చెల్లెలి మనవడు, యెల్లె. బాంబుల్లో ఇల్లు పోయింది," అని ఊళ్ళో చెప్పారు.

నెల తిరక్కుండా వాడు యెల్లె అయిపోయాడు. కోళ్ళను తరిమాడు. ఆవుల పేర్లు నేర్చాడు. ఒక్కటి మాత్రం వదల్లేదు. ఆ ఊళ్ళో టోపీ తీసి, ప్రార్థన చేసి తింటారు. వాడు పుట్టిన ఇంట్లో నెత్తిన టోపీ లేనిదే ముద్ద ముట్టరు. టోపీ లాక్కుంటే అరచెయ్యి నెత్తిన బోర్లించుకుని రెండో చేత్తో తినేవాడు.

"ఈ చెయ్యే మన కొంప ముంచుతుంది," అనేది ఆఫ్కె.



ఒక మధ్యాహ్నం వానలో పోలీసు వచ్చాడు, దొంగచాటుగా వెన్న అమ్ముతున్నారేమో చూద్దామని. భోజనం వేళ వచ్చినవాణ్ణి కూర్చోమనకపోతే తప్పు. కూర్చోమన్నారు. మగవాళ్ళిద్దరూ టోపీలు తీశారు. పోలీసు తన టోపీని పిల్లవాడి పక్కనే పెట్టాడు. పిల్లవాడి చెయ్యి నెత్తి మీదికి పోయింది.

"ఆ చెయ్యేంట్రా?" అన్నాడు పోలీసు, వాణ్ణే చూస్తూ.

ఆఫ్కె చేతిలో గరిటె ఆగిపోయింది.

"పేలు," అన్నాడు వొబ్బె, బంగాళాదుంప చిదుపుకుంటూ.

"నాకు పేల్లేవు తాతా."

"ఆఁ, లేవులే. పొద్దున నీ దిండు మీద షికారు కొట్టినవి పాదిరీగారివి కాబోలు," అంది ఆఫ్కె. "చెయ్యి తియ్యకు. పళ్ళెంలో రాల్తాయి."

వొబ్బె తీరిగ్గా మెడ గోక్కున్నాడు. పోలీసుకి చెవి వెనక దురద పుట్టింది. టోపీని రెండు వేళ్ళతో ఎత్తి, దులిపి, లోపలికి చూశాడు. "ఇంకా నాలుగిళ్ళు తిరగాలి," అని వానలో టోపీ పెట్టుకోకుండానే సైకిలెక్కాడు.

పిల్లవాడు ఏడుపు లంకించుకున్నాడు. "నాకు లేవు."

"లేవురా. తిను," అన్నాడు వొబ్బె.

ఆఫ్కె గరిటె బల్ల మీద పడేసింది. "ఊళ్ళో నా అంత శుభ్రం ఎవతికుందయ్యా? ఒక్క మాటతో పేల కొంప చేశావు."

"పిల్లోడు మిగిలాడుగా."

సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది. ఆ చలికాలం వాళ్ళ గడప తొక్కినవాళ్ళు లేరు. ఎవరి కంట పడతాడో అన్న బెంగ లేక పిల్లవాడు వాకిట్లో మంచులో దొర్లాడు. పొరుగామె కంచె అవతల నిలబడి పేలకు మందు చెప్పేది. ఆఫ్కె పళ్ళు నూరుకుంటూ వినేది.