మద్దిలేటి తట్టిన ఇంజన్

ప్రసన్న చేయాల్సిన పనులు ఇవి. శిరివెళ్ల దగ్గర రోడ్డు మీద ఆగిపోయిన కారును లాగించి నంద్యాల షోరూముకు చేర్చాలి. వారంటీ కాగితాలు వెతకాలి. తను పాఠాలు చెప్పే కాలేజీలో సెలవు అడగాలి. ఇంజన్ విప్పి చూశాక వాళ్లు ఏమంటారో కనుక్కోవాలి. తర్వాత ఆ మాట అమ్మకు చెప్పాలి.

మొదటివన్నీ ఒకటొకటిగా అయిపోయాయి. అమ్మకు చెప్పాల్సిన మాట మాత్రం నోటిదాకా వచ్చి మళ్లీ లోపలికి పోతూ ఉంది.

ఆ కారు అన్న మద్దిలేటిది. ఆళ్లగడ్డలో బాడుగలకు తోలేవాడు. ఆ ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది ప్రసన్న ఒక్కతే, తొక్కించింది ఆయనే. ఎవరికైనా బాగలేదంటే మాత్రం బాడుగ మాట ఎత్తేవాడు కాదు. "పిలిస్తే పోవాల, అంతే" అనేవాడు. మనిషిని వెనక సీట్లో పడుకోబెట్టి, బానెట్ మీద ఉంగరం వేలితో మూడుసార్లు తట్టి, అప్పుడు స్టీరింగు పట్టేవాడు. టక్... టక్ టక్. అది ఆయన అలవాటు.

అందరినీ నంద్యాల ఆసుపత్రికి చేర్చినవాడికి తన పొద్దు వచ్చేసరికి చేర్చేవాళ్లు లేకపోయారు. గుండె పట్టుకుని కారు దాకా నడిచాడు. తల్లి యశోదమ్మ వీధిలోకి పరిగెత్తి కేకలేసింది. వచ్చినవాళ్లలో ఎవరికీ తోలడం రాదు. బానెట్ మీద చెయ్యేసి అట్లే ఒరిగిపోయాడు. ఆ తర్వాతే ప్రసన్న డ్రైవింగ్ నేర్చుకుంది.

కొన్నాళ్లకు కారు స్టార్ట్ చేయగానే లోపల్నుంచి సద్దు మొదలైంది. టక్... టక్ టక్.

గేటు దగ్గర నిలబడ్డ యశోదమ్మ చేతిలో చెంబు జారిపోయింది. "వాడేమ్మే! పోదాం పా అంటాండాడు!"

ఆ రోజు నుంచి ఆ సద్దును ఎవరూ ముట్టుకోకూడదు. సర్వీసుకు పోయినా ఆయిల్ మార్పించుకుని రావాలే గాని సద్దు సంగతి ఎత్తకూడదు. ఇంకొకరిని కారెక్కించుకోకూడదు. పక్కింటి ప్రమీల భర్తకు నొప్పొచ్చి, ఆమె పరిగెత్తుకుంటూ వస్తే, "కారు బయటికి రాదు ప్రమీలా" అనేసింది యశోదమ్మ. తాళాలు చేతిలో పెట్టుకుని ప్రసన్న లోపలే నిలబడింది. వాళ్లు ఆటోలో పోయారు. ఆయన బతికాడు. ప్రమీల మాత్రం మళ్లీ ఆ గేటు తొక్కలేదు.

షోరూములో వారంటీ పనులు చూసే దేవరాజు నవ్వుతూనే ఎదురొచ్చాడు. "మీ అమ్మ ఫోన్ చేసి 'మావాడు ఎట్లుండాడు నాయనా' అనిందమ్మా. 'ఇది ఆసుపత్రి కాదవ్వా, రాంగ్ నంబర్' అని చెప్పినా."

ప్రసన్న నవ్వలేదు. దేవరాజు సర్దుకుని సంగతి చెప్పాడు. ఆయిల్ పంపు తయారీలోనే లోపం. నూనె అందక ఇంజన్ లోపల లోపలే అరిగి, చివరికి పట్టేసింది.

"ముందు సద్దు రాలేదా?"

"వచ్చింది."

"మరి తేలేదేందమ్మా? చదువుకున్నోళ్లు!"

"తేలేదు. అట్లే రాసుకోండి."

"రాస్తా. లోపం వాళ్లదే కాబట్టి కంపెనీ ఒప్పుకునింది. రెండు దారులుండాయి. పాత ఇంజన్ వాళ్లకిచ్చేస్తే కొత్తది ఊరికే వస్తాది. పాతదే ఉండాలంటే బాగు చేయించుకునేది మీ ఖర్చు. చేయించినా శిరివెళ్ల దాటుతాదని నేను చెప్పలేను."

"పాతదాన్ని ఏం చేస్తారు?"

"చూసుకుని తుక్కులో ఏస్తారు. ఇంకేం చేస్తారమ్మా?"

ఆ సాయంత్రం చెప్పక తప్పలేదు. వింటూ వింటూ యశోదమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టేసింది.

"వాన్ని తుక్కోళ్లకిచ్చి రావాల్నా?"

"అమ్మా, అది పంపు పాడై వచ్చిన సద్దు."

"నీకు తెలుసు గదా? తెలిసీ పొద్దున్నే బండి స్టార్ట్ చేసి, కాలేజీకి పోకుండా అట్ల కండ్లు మూసుకుని యాల కూచుంటాంటివి మ్మే?"

సద్దు ఆగిపోతుందేమోనన్న భయం తల్లి కంటే ప్రసన్నకే ఎక్కువ.

యశోదమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "సరే. ఊరికే పంపేది ల్యా. పెట్టుకుని పంపుదాం."

పోయినవాళ్లకు కొత్త గుడ్డలు, ఇష్టమైన తిండి పెట్టుకోవడం వాళ్ల ఇంటి పద్ధతి. కాకి వచ్చి ముడితే తృప్తి పడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. కోరిక తీరుస్తామని ఎవరో ఒకరు మాట ఇవ్వాలి.

దేవరాజు తల గోక్కున్నాడు గాని కాదనలేదు. "లోపల అగరొత్తులు ఎలిగించొద్దవ్వా, అంతా ఆయిలు" అని, ఇంజన్‌ను ట్రాలీ మీద వెనక పెరట్లోకి తోయించాడు. యశోదమ్మ దాని మీద కొత్త చొక్కా పరిచి, విస్తట్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టింది. అందరూ దూరంగా జరిగారు.

గోడ మీద కాకులున్నాయి. ఒక్కటీ దిగలేదు.

"బతికున్నప్పుడు పక్కోని ప్లేట్లోది గూడా లాక్కుని తింటాంటివి. ఇప్పుడేందిరా బెట్టు?" అడిగింది యశోదమ్మ కాకుల వైపు చూస్తూ. "నీ చెల్లెలికి పెండ్లి చేస్తా, దిగు నాయనా."

"నా పెండ్లి మధ్యలో ఎందుకమ్మా?"

కాకి కదల్లేదు. "చూడు, వానికీ అక్కర్లేదు" అన్నాడు దేవరాజు మెల్లగా. ఎండ పెరుగుతోంది. బజ్జీల మీద ఈగలు వాలుతున్నాయి.

యశోదమ్మ కూతురి వైపు తిరిగింది. "వానికేం గావాల్నో నీకు తెలుసు. నాకూ తెలుసు. నా నోరు రాదు, నువ్వే చెప్పు."

ప్రసన్నకు ప్రమీల మొహం కళ్ల ముందు ఆడింది. ఇంజన్ దగ్గరికి పోయి, చల్లని ఇనుము మీద చెయ్యి పెట్టింది.

"అన్నా, పిలిస్తే పోతా. ఎవరు పిలిచినా పోతా."

వెనక్కి ఇంకా తిరగనే లేదు, చెవి పక్కనే రెక్కల చప్పుడు. కాకి చొక్కా మీద వాలి, బజ్జీ నోట కరుచుకుని ఆమెనే చూస్తూ ఉంది. యశోదమ్మ రెండు చేతులూ జోడించింది.

ప్రసన్న లోపలికి పోయి కాగితాల మీద సంతకం పెట్టింది.

కొత్త ఇంజన్ వచ్చి, బిగించి, కారు ఇంటికి చేరింది. స్టార్ట్ చేస్తే గాలి వీచినట్టు ఉంది. ఏ సద్దూ లేదు. ఆ నిశ్శబ్దానికి తల్లీకూతుళ్లు మొహాలు చూసుకోలేక తలో దిక్కు చూశారు. మర్నాడే యశోదమ్మ ప్రమీల ఇంటికి పోయి, "ఎప్పుడన్నా పిలువమ్మా" అని చెప్పి వచ్చింది.

మొదట పిలిచింది మాత్రం వీధి చివర మోషే. భార్యకు ఆయాసం. ప్రసన్న ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టింది. తెలియకుండానే చెయ్యి బానెట్ మీదికి పోయింది. మూడుసార్లు తట్టి, ఎక్కి కూర్చుంది. నంద్యాల దారి పట్టాక మోషే అడిగాడు.

"పాపా, నువ్వెక్కినాక మళ్లీ తట్టింది ఎవరు?"

మోషే భార్య కోలుకుంది. కొత్త ఇంజన్‌ను దేవరాజు మళ్లీ విప్పించి చూశాడు. ఏ లోపమూ లేదన్నాడు.

మీరెప్పుడైనా నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య పోతూ, లైట్లు వేసుకుని ఎదురొచ్చే కారు కనిపిస్తే కాస్త పక్కకు జరిగి దారి ఇవ్వండి. మద్దిలేటి అనే మనిషిని ఒక్కసారి తలుచుకోండి. ఎవరు పిలిచినా పోయినవాడు. ఆయన కోసం పిలిచిన పొద్దు తోలేవాళ్లు ఎవరూ లేకపోయారు.