ముసుగు ముడి

అన్ని వేషాలూ తానే వేసి, ఏ వేషంలోనూ ఇమడని ఆ స్వామికి నమస్కరించి కథలోకి వెళదాం.

ముసుగు తాళ్ళు రెండింటినీ తల వెనక మెలిపెట్టి, కొసలు లోపలికి దోపి, అద్దం చూడకుండానే ముడి బిగించాడు సినిమా డూపు. ఇరవై రెండేళ్ళుగా వరుస చిత్రాలలో మేడల మీంచి దూకిన ముసుగు వీరుడు అతడే. పేరు మాత్రం హీరోది. ఎన్ని పల్టీలు కొట్టినా ఆ ముడి ఊడి ఎరగదు. ఎడమచేతి చిటికెనవేలు మాత్రం ఒకనాటి దూకుడులో విరిగి, కొక్కెంలా వంగి అలాగే నిలిచిపోయింది.

ఆ రోజు వీరుడు జనం ఎదుట ముసుగు తీసే ఆఖరి ఘట్టం. ముసుగే పోయాక డూపుతో పనేముంది? అందుకని జనంలో, ముందువరుసలో, తన ముఖంతోనే నిలబడే చోటిస్తానని డైరెక్టరు మాట ఇచ్చాడు.

పొద్దున చొక్కా ఇస్త్రీ చేస్తూ భార్య అన్నది: “ఇన్నేళ్ళూ తెర మీద మీ వీపుతోనే కాపురం చేశాను. ఈసారైనా మొహం చూపించండి.”

“చూసి జడుసుకోకు మరి.”

చివరి దూకుడు ముగిశాక అతడు ముసుగును ముడి విప్పకుండానే తల మీదుగా జరిపి తీసి, సంచిలో పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని ముందువరుసలో నిలిచాడు. అప్పుడు హీరో వేరే ముసుగు ధరించి వచ్చాడు. దుస్తులవాడు కట్టిన ముడి ఒకసారి ముందే జారింది; మరోసారి ఎంత లాగినా రాలేదు. పొద్దు వాలుతోంది.

“బాబాయ్, నువ్వే కట్టాలి. వెనకాల కూర్చుని నువ్వే లాగెయ్,” అన్నాడు డైరెక్టరు.

“మరి నా చోటు, సార్?”

డైరెక్టరు ఆకాశం వంక చూశాడు. “వెలుతురు ఒక్క షాటుకే ఉంది బాబాయ్.”

డూపు ముందువరుసలోంచి బయటికి వచ్చాడు. బిగించడమే ఎరిగిన చేతులతో ఊడే ముడి వేశాడు. హీరో వెనక గొంతుక్కూర్చొని, సైగ అందగానే కొస లాగాడు. అంతవరకు ఎవరైనా కాగలిగిన వీరుడు ఆ క్షణాన ఒక్క మనిషయ్యాడు. జనం చప్పట్లు కొట్టారు.

చిత్రం విడుదలకు నెలముందు, నిద్రలోనే, డూపు వెళ్ళిపోయాడు.

చెల్లెల్ని తోడు తీసుకొని భార్య సినిమాకు వెళ్ళింది. హీరో ముఖం బయటపడగానే హాలంతా ఈలలు. ఆమె చూపు ఆ ముఖం దగ్గర ఆగలేదు. అతడి చెవి వెనక, రెప్పపాటు కాలం, కొక్కెంలా వంగిన చిటికెనవేలు.

“ముసుగు తీసింది మీ బావగారే,” అన్నది.

“ఎక్కడే అక్కా? నాకు కనపళ్ళేదే.”

“నీకెలా కనపడతారు? కాపురం చేసింది నేను.”

ఇంటికి వచ్చి, సంచిలోని ముసుగు తీసి మేకుకు తగిలించింది. ఆయన బిగించిన ముడి అలాగే ఉంది, ఆమె విప్పలేదు.

ఈ కథ విన్నవారినందరినీ, ఏ ముసుగులో ఉన్నా, ఆ స్వామి గుర్తుపట్టి కాచుగాక.